పసిగట్టే పోగు

దీపావళి దాటిన తర్వాత రాయచూరు పత్తి మార్కెట్టులో ఎటు చూసినా తెల్లని రాశులు కనిపిస్తాయి. జిల్లాలోని తాలూకాల నుండే గాక, సరిహద్దుకు అవతల ఉన్న తెలుగు పల్లెల నుండి కూడా రైతులు ఇక్కడికి పత్తి తెస్తారు. ఆ రాశిలో నుండి చిటికెడు పత్తి తీసి వేళ్ళతో మెల్లగా విడదీయండి. చివరకు ఒకే ఒక పీచు మిగులుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకొంటే తప్ప అది కంటికి ఆనదు. దాని మందం ఒక మిల్లీమీటరులో నూరవ వంతు కంటే కొంచెం ఎక్కువ. మన తాతముత్తాతలు వడికినదీ, నేసినదీ, కట్టుకొన్నదీ ఈ పీచునే.

ఈ పీచుకు నూరు రెట్లు సన్నగా ఉండే పోగులను శాస్త్రజ్ఞులు ఇప్పుడు వడుకుతున్నారు. అవి కట్టుకొనడానికి కావు. గాలిలో కలిసిన వాయువును పసిగట్టడానికి, మణికట్టు వద్ద నాడిని గుర్తించడానికి, రక్తంలోని రోగచిహ్నాన్ని పట్టుకొనడానికి, కొన్ని సందర్భాలలో కండరంలా ముడుచుకొని విప్పారడానికి ఉద్దేశించినవి. వీటిని నానో పోగులు అంటారు. దారానికి స్పర్శ ఏమిటి, కదలిక ఏమిటి అని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. ఇందులో మాయ ఏమీ లేదు. కీలకమంతా సన్నదనంలోనే ఉన్నది.

'నానో' అనే మాటకు గ్రీకు భాషలో మరుగుజ్జు అని అర్థం. ఒక మీటరును 100 కోట్ల సమాన భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మన తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. పత్తి పీచు మందం సుమారు 15,000. నానో పోగులు సాధారణంగా 100 నుండి 500 నానోమీటర్ల మందం ఉంటాయి. మన కంటికి కనిపించే వెలుగు తరంగాల పొడవే 400 నుండి 700 నానోమీటర్లు. అందువల్ల బడిలో ఉండే సూక్ష్మదర్శినితో ఈ పోగుల రూపురేఖలను స్పష్టంగా చూడలేము. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావలసి వస్తుంది.

సన్నబడితే పోగుకు కొత్తగా వచ్చేదేమిటి? దీనిని ఒక చిన్న ప్రయోగంతో తెలుసుకొనవచ్చు. కొంచెం బంకమట్టి తీసుకొని అరచేతుల మధ్య కడ్డీలా చుట్టండి. మందం సగమయ్యే వరకు ఇంకా చుట్టండి. కడ్డీ పొడవు నాలుగు రెట్లవుతుంది. మట్టి పెరగలేదు, తరగలేదు. కాని కడ్డీ చుట్టూ ఉన్న పైభాగపు వైశాల్యం రెండు రెట్లయింది. ఇదే లెక్కన మందాన్ని నూరవ వంతుకు తెస్తే పొడవు 10,000 రెట్లు, వైశాల్యం 100 రెట్లు అవుతుంది. ఒక గ్రాము పత్తిలోని పీచులన్నిటి వెలుపలి వైశాల్యాన్ని కలిపితే సుమారు ఒక చేతిరుమాలు అంత వస్తుంది. అదే ఒక గ్రామును 150 నానోమీటర్ల పోగులుగా మార్చగలిగితే, నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల గది నేలంతా పరచినంత వైశాల్యం వస్తుంది.

ఏ వస్తువైనా బయటి ప్రపంచాన్ని తాకేది తన పైభాగంతోనే. మోకు వంటి లావు తాడు చుట్టూ ఏదైనా వాయువు చేరితే, దాని లోపలి పీచులకు ఆ సంగతి చాలాసేపటి వరకు తెలియదు. నానో పోగుకు లోపల అనేది దాదాపు లేదు, అంతా చర్మమే. అంతేకాదు, నీరు గాని వాయువు గాని ఒక పోగు నడిమి వరకు ఇంకడానికి పట్టే కాలం ఆ పోగు మందం యొక్క వర్గాన్ని అనుసరించి ఉంటుంది. మందం నూరవ వంతయితే కాలం పదివేలవ వంతు అవుతుంది. అంటే ఇంచుమించు మూడు గంటలు పట్టే పని ఒక్క సెకనులో జరుగుతుంది. పసిగట్టడం, కదలడం అనే రెండు శక్తులకూ మూలం ఈ లెక్కలోనే ఉన్నది. దీనిని గుర్తుంచుకొంటే మిగిలిన పాఠం తేలికగా అర్థమవుతుంది.

సన్నగా వడకడం మనవారికి కొత్త విద్య కాదు. శ్రీకాకుళం జిల్లాలోని పొందూరులో నేటికీ ఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. ఆ ఎముకకు ఉన్న చిన్న చిన్న పళ్ళ వరుస పత్తి పీచులను తీరుగా దువ్వుతుంది. అంత శుభ్రంగా దువ్విన తర్వాతే రాట్నంపై సన్నని నూలు వస్తుంది. అయితే ఎంత నేర్పు గల వడుకరి అయినా పత్తి పీచులను పక్కపక్కన చేర్చి పురి పెట్టగలరే గాని, పీచును పీచు కంటే సన్నగా చేయలేరు. ప్రకృతి ఇచ్చిన మందమే అక్కడ హద్దు.

నైలాన్ వంటి కృత్రిమ దారాల పద్ధతి వేరు. వంటింట్లో జంతికల గొట్టం చూశారు కదా! పిండిని గొట్టంలో పెట్టి నొక్కితే కింది బిళ్ళలోని రంధ్రాల గుండా తీగలుగా వస్తుంది. కర్మాగారంలో కరిగించిన నైలానును ఇలాగే రంధ్రాల గుండా నొక్కుతారు. జాతరలో పీచుమిఠాయి అమ్మేవాడు మరో ఉపాయం చేస్తాడు. కరిగిన చక్కెరను గిర్రున తిరిగే పళ్ళెం నుండి బయటకు విసిరేలా చేసి, గాలిలోనే పీచుగా గడ్డకట్టిస్తాడు. రెండూ మంచి ఉపాయాలే. కాని మందం నానోమీటర్లలోనికి దిగాలంటే, నెట్టడం కంటే లాగడం మేలు. అంత సన్నని దానిని చేతితో పట్టి లాగలేము గనుక విద్యుత్తు చేత లాగిస్తారు.

విద్యుత్తు ద్రవాన్ని లాగడం మీరూ చూడవచ్చు. ఎండాకాలంలో పొడి జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో నాలుగైదు సార్లు గట్టిగా దువ్వండి. వెంటనే ఆ దువ్వెనను కుళాయి నుండి సన్నగా పడుతున్న నీటిధార దగ్గరకు తీసుకొని వెళ్ళండి. ధార దువ్వెన వైపు వంగుతుంది. ఇంగ్లండుకు చెందిన విలియం గిల్బర్ట్ 1600 సంవత్సరంలో ప్రకటించిన గ్రంథంలో ఇటువంటి విషయమే రాశాడు. రుద్దిన తృణమణిని నీటిబొట్టు దగ్గరకు తెచ్చినప్పుడు ఆ బొట్టు శిఖరంలా పైకి లేచిందని ఆయన గమనించాడు.

ఆ శిఖరం నుండి దారం తీయవచ్చునన్న ఆలోచనకు మరి మూడు వందల ఏండ్లు పట్టింది. 1902లో అమెరికాలో దీనిపై మొదటి పేటెంట్లు వచ్చాయి. 1934లో ఆంటన్ ఫార్మ్‌హాల్స్ అనే ఆయన దారం తీసే యంత్రానికి పేటెంటు పొందాడు. సోవియట్ దేశంలో 1930ల చివర ఈ పోగులతో విషవాయువుల నుండి కాపాడే ముసుగులకు వడపోత గుడ్డ తయారు చేశారు. 1964లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జెఫ్రీ టేలర్, విద్యుత్ లాగుడుకు లోనైన బొట్టు ఏ కోణంలో శంకువుగా మారుతుందో గణితంతో తేల్చి చెప్పాడు. ఆయన ఆసక్తి దారం మీద కాదు, ఉరుముల మేఘాలలోని వానచినుకుల మీద! అయినా నేటికీ ఆ బొట్టును 'టేలర్ శంకువు' అనే పిలుస్తున్నారు. అమెరికాలోని ఆక్రన్ విశ్వవిద్యాలయంలో డారెల్ రెనెకర్ బృందం 1990లలో ఈ విద్యను తిరిగి పైకి తెచ్చిన తర్వాతే ప్రపంచంలోని ప్రయోగశాలలు దీని వైపు చూశాయి.

ఈ పద్ధతికి ఎలక్ట్రోస్పిన్నింగ్ అని పేరు. విద్యుత్ వడకం అనవచ్చు. సూదిమందు వేసే సిరంజి వంటి గొట్టంలో పాలిమర్ ద్రావణాన్ని నింపుతారు. దాని సూదికి 10,000 నుండి 30,000 వోల్టుల విద్యుత్తు కలుపుతారు. సూదికి ఎదురుగా ఒక జానెడు దూరంలో లోహపు రేకు ఉంటుంది. సూది కొసన వేలాడే బొట్టులో ఒకే రకపు ఆవేశం నిండి, అది ఒకదానినొకటి నెట్టుకొంటుంది. ఎదుటి రేకు దానిని లాగుతుంది. బొట్టును గుండ్రంగా పట్టి ఉంచే తలతన్యత కొంతసేపు ఎదురు నిలిచి, ఆ తర్వాత ఓడిపోతుంది. శంకువు కొస నుండి ఒక సన్నని ధార బయలుదేరుతుంది. మొదట కొంత దూరం తిన్నగా పోయి, ఆపైన కొరడాలా చుట్లు చుట్లుగా మెలికలు తిరుగుతుంది. ఈ మెలికలలోనే ధార వేల రెట్లు సాగి సన్నబడుతుంది. ద్రావకం గాలిలో ఆవిరైపోతుంది. ఎండిన పోగు రేకుపై పడి సాలెగూడులా పేరుకొంటుంది. మామూలు కంటికి ఆ మెలికలు ఒక ధార అనేక పాయలుగా చీలినట్లు కనిపిస్తాయి. చాలాకాలం అలాగే అనుకొన్నారు కూడా. అతివేగంగా ఫోటోలు తీసే కెమెరాలతో చూసిన తర్వాత, అది చీలడం కాదు, ఒకే ధార చుట్లు తిరగడమని 2000 ప్రాంతంలో తేలింది. ఈ ప్రయోగం ఇంట్లో చేయదగినది కాదు. అన్ని వేల వోల్టులు ప్రాణానికే ముప్పు.

పాలిమర్ అనే మాట పైన వచ్చింది. చిన్న అణువులు పూసల దండలా వేలకొలదిగా ఒకదానికొకటి కలిసి ఏర్పడిన పొడవైన అణువే పాలిమర్. నైలాన్ పాలిమర్. పట్టు పాలిమర్. గ్లూకోజు ముక్కల దండ అయిన పత్తి కూడా పాలిమరే. విద్యుత్ వడకానికి పాలిమరే ఎందుకు కావాలి? నీటిని ఒలికిస్తే బొట్లుగా పడుతుంది, బెల్లాన్ని తీగపాకం పట్టి ఒలికిస్తే తీగ సాగుతుంది. పాలిమర్ ద్రావణంలో పొడవైన దండలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటాయి. విద్యుత్తు ఎంత లాగినా ధార బొట్లుగా తెగిపోకుండా అవే పట్టి ఉంచుతాయి.

ఇంతవరకు పోగు ఎలా వస్తుందో చూశాము. ఇక అది పసిగట్టే తీరు చూద్దాం.

సాధారణంగా ప్లాస్టిక్కులలో విద్యుత్తు ప్రవహించదు. కరెంటు తీగలకు వాటినే తొడుగుతాము. కాని కొన్ని పాలిమర్లలో విద్యుత్తు ప్రవహించేటట్లు చేయవచ్చునని కనుగొన్నందుకు అలన్ హీగర్, అలన్ మెక్‌డయార్మిడ్, హిదేకి షిరకావా అనే ముగ్గురికి 2000 సంవత్సరంలో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతి వచ్చింది. అటువంటి వాటిలో పాలీఎనిలిన్ ఒకటి. ఆమ్లంతో కలిసి ఉన్నప్పుడు ఇది ఆకుపచ్చగా ఉండి విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. దీనికి అమోనియా వాయువు తగిలితే, ఆమ్లం ఇచ్చిన ప్రోటాన్లను అమోనియా లాక్కొంటుంది. వెంటనే పాలిమర్ నిరోధం పెరుగుతుంది, రంగు నీలానికి తిరుగుతుంది. అమోనియా తొలగిపోతే చాలావరకు తిరిగి మొదటి స్థితికి వస్తుంది. పాలీఎనిలినును పలకగా చేస్తే వాయువు పైపొరనే తాకుతుంది. నానో పోగుగా చేస్తే పోగంతా ఒక్కసారిగా స్పందిస్తుంది. మెక్‌డయార్మిడే స్వయంగా పాలీఎనిలినును మరొక పాలిమరుతో కలిపి ఈ విధంగా పోగులు తీసిన తొలివారిలో ఒకడు. చేపలు, మాంసం చెడినప్పుడు అమోనియా, దానికి దగ్గరి వాయువులు వెలువడతాయి. ముక్కు గుర్తించక ముందే ఇటువంటి పోగు గుర్తించగలదు.

వాయువులను పసిగట్టడం కంటే రక్తంలోని ఒక్క ప్రోటీనును, వేల రకాల ప్రోటీనుల నడుమ నుండి ఏరి పట్టడం కష్టమైన పని. ఈ పని మనకు దగ్గరలోనే జరిగింది. రాయచూరు నుండి సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరంలో, సంగారెడ్డి జిల్లా కంది వద్ద హైదరాబాదు ఐ.ఐ.టి. ఉన్నది. 2008లో నెలకొల్పిన ఈ సంస్థలో శివగోవింద్ సింగ్, వంజరి శివరామకృష్ణ మొదలైనవారు 2016లో మలేరియాను తొందరగా గుర్తించే నానో పోగులపై తమ ఫలితాలను ప్రకటించారు.

మలేరియాకూ ఈ ప్రాంతానికీ పాత సంబంధం ఉన్నది. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. దోమకూ ఈ జ్వరానికీ గల సంబంధం అలా బయటపడింది. 119 ఏండ్ల తర్వాత, ఆ పక్కనే మరొక ప్రయోగశాలలో జరిగిన పని ఇది. మలేరియాలో ప్రమాదకరమైన రకానికి కారణమైన పరాన్నజీవి, రోగి రక్తంలోనికి ఒక ప్రత్యేకమైన ప్రోటీనును విడుదల చేస్తుంది. ఆ ప్రోటీనును మాత్రమే పట్టుకొనే ప్రతిరక్షకాలను పోగుల మీద అంటించారు. తాళానికి దాని తాళంచెవి ఒక్కటే సరిపడినట్లు, ఆ ప్రతిరక్షకానికి ఆ ప్రోటీను ఒక్కటే సరిపడుతుంది. అది వచ్చి అతుక్కోగానే పోగుల మీదుగా విద్యుత్తు సాగే తీరు మారుతుంది. ఆ మార్పును కొలిస్తే రోగం తెలుస్తుంది.

ఇక్కడ ఒక విశేషం ఉన్నది. ఈ పరికరంలోని పోగులు చివరకు పాలిమరువి కావు, రాగి కలిపిన జింకు ఆక్సైడువి. కంచు విగ్రహం పోసేటప్పుడు మైనపు బొమ్మ కరిగిపోయి కంచుకు తన రూపం ఇచ్చినట్లు, ఇటువంటి పోగులలో పాలిమర్ అచ్చుగా పనిచేస్తుంది. లోహ లవణాలతో కలిపి పాలిమరును వడికి, ఆపైన కొలిమిలో కాలుస్తారు. పాలిమర్ కాలిపోతుంది, ఆక్సైడు పోగు మిగులుతుంది.

అదే ఏడు ఈ సంస్థ వారే, చంద్రశేఖర్ శర్మ మొదలైనవారితో కలిసి, గుండెపోటును తెలిపే ప్రోటీనులకు మరొక పోగును సిద్ధం చేశారు. ఇది నిజమైన పాలిమర్ పోగు. దానిలో కార్బన్ నానో గొట్టాలను కలపడం వల్ల విద్యుత్ ప్రసారం సాధ్యమైంది. దీని విలువ తెలియాలంటే ఒక సందర్భాన్ని ఊహించండి. దేవదుర్గ తాలూకాలోని ఒక తండాలో, పగలంతా పత్తి ఏరి వచ్చిన కూలీకి అర్ధరాత్రి గుండెలో నొప్పి మొదలైంది. తిన్నది అరగక వచ్చిన మంటో, గుండెపోటో ఇంట్లోవారికి తెలియదు. సోడా తాగించి, తెల్లవారే వరకు చూద్దామనుకొంటారు. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు ట్రోపోనిన్ అనే ప్రోటీను రక్తంలోనికి చేరుతుంది. కాని మామూలు పరీక్షకు అందే మోతాదుకు అది పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది. గుండె పటం తీసినా అన్ని గుండెపోట్లూ అందులో కనిపించవు. ఆ గంటలలోనే కండరం ఇంకా ఇంకా చచ్చిపోతూ ఉంటుంది. అతి తక్కువ ట్రోపోనినును కూడా పట్టగల పోగు, తండాకు దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో ఉంటే ఆ రాత్రి ఏం చేయాలో వెంటనే తేలుతుంది. ఐ.ఐ.టి. వారి పోగు లక్ష్యం ఇటువంటిదే. అటువంటి పరికరం చేతికి వచ్చేదాకా మాత్రం, ఛాతీలో నొప్పి వస్తే తెల్లవారే వరకు ఆగరాదు. వెంటనే 108కి ఫోను చేయాలి. ఈ మాట మీ ఇంట్లోవారికి చెప్పండి.

ఇంతవరకు చెప్పిన పోగులు పసిగట్టి ఊరకుంటాయి. పసిగట్టి, కదిలే పోగులు మరికొన్ని ఉన్నాయి.

గ్యాసు పొయ్యి వెలిగించే లైటరును చూడండి. అందులో బ్యాటరీ లేదు. నొక్కితే లోపలి సుత్తి ఒక ప్రత్యేకమైన పింగాణీ ముక్కను కొడుతుంది, అక్కడ వేల వోల్టులు పుట్టి నిప్పురవ్వ వస్తుంది. ఒత్తిడి వల్ల విద్యుత్తు పుట్టే ఈ గుణాన్ని 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే అన్నదమ్ములు స్ఫటికాలలో కనుగొన్నారు. దీనికి తిరుగుడు కూడా ఉన్నదని, అంటే విద్యుత్తు ఇస్తే ఆ స్ఫటికం కొంచెం ముడుచుకొంటుందని మరుసటి ఏడు తేలింది. క్వార్ట్జ్ గడియారంలో చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపించడానికి కారణం ఈ గుణమే. ప్లాస్టిక్కులో కూడా ఈ గుణం బలంగా ఉంటుందని 1969లో జపాను శాస్త్రజ్ఞుడు కవాయి చూపాడు. ఆ ప్లాస్టిక్కు పేరు పాలీవినైలిడిన్ ఫ్లోరైడ్. దానిని పలకగా వాడాలంటే ముందుగా లాగి సాగదీసి, బలమైన విద్యుత్ క్షేత్రంలో ఉంచి, అణువుల దండలను ఒక తీరుకు తేవాలి. విద్యుత్ వడకంలో సాగదీయడం, విద్యుత్ క్షేత్రం రెండూ పోగు పుట్టేటప్పుడే ఉన్నాయి! అందుకే వడికిన పోగులో ఆ గుణం చాలావరకు వడకంతోపాటే వస్తుంది. ఇటువంటి పోగుల గుడ్డ ముక్కను మణికట్టుకు కట్టితే, నాడి కొట్టుకొన్న ప్రతిసారీ దానిలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. అదే గుడ్డకు మనం విద్యుత్తు ఇస్తే అది కదులుతుంది. ఒకే పోగు చెవిగానూ, నోరుగానూ పనిచేస్తుందన్నమాట. ఒక పోగుకు అనేక పనులు అని శాస్త్రజ్ఞులు చెప్పే మాటకు ఇంతకంటే తేలికైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

కదలిక పెద్దదిగా కావాలంటే ఈ పద్ధతి చాలదు. దానికి నీటి సాయం తీసుకోవాలి. వానలో తడిసిన నులకమంచం బిగుసుకొనడం మీ పెద్దలకు తెలుసు. పురి పెట్టిన నార తడిస్తే అడ్డంగా ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు చోటివ్వడానికి నులక పొడవు తగ్గుతుంది. మంచం కోళ్ళనే లాగగల బలం ఆ చిన్న ఉబ్బులో ఉన్నది. పురిలోని ఈ బలాన్ని 2014లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో రే బామన్ బృందం మరో విధంగా వాడుకొన్నది. చేపలు పట్టే నైలాన్ దారానికి స్ప్రింగులా చుట్టుకొనే వరకు పురి పెట్టి, వేడి చేస్తే ముడుచుకొనే కృత్రిమ కండరాన్ని చేశారు. అంతే పొడవు, అంతే బరువు గల మనిషి కండరం కంటే అది నూరు రెట్లు ఎక్కువ బరువు ఎత్తింది. అది నానో పోగు కాదు, అంగడిలో దొరికే దారమే. అయితే దారం కండరం కాగలదన్న నమ్మకాన్ని అది కలిగించింది.

నానో పోగుల కదలికలో అసలు లాభం వేగం. పి-నిపామ్ అని ముద్దుగా పిలిచే ఒక పాలిమర్ ఉన్నది. 32 డిగ్రీల సెల్సియసు కంటే చల్లని నీటిలో అది నీరు తాగి ఉబ్బుతుంది. అంతకంటే వేడెక్కితే తాగిన నీటిని కక్కి ముడుచుకొంటుంది. ముద్దగా ఉన్నప్పుడు ఆ నీరు బయటకు రావడానికి చాలాసేపు పడుతుంది. జర్మనీలోని బైరాయిట్ విశ్వవిద్యాలయం వారు 2015లో దీనిని నానో పోగులుగా వడికి, నీటికి స్పందించని మరొక పాలిమర్ పోగుల పొరతో జత చేశారు. ఒక పొర ముడుచుకొని, రెండవది ముడుచుకొనకపోతే గుడ్డ వంగక తప్పదు. ఆ గుడ్డ ముక్క ఉష్ణోగ్రత మారిన క్షణాలలోనే చుట్టుకొని, తిరిగి విప్పుకొన్నది. మనం మొదట వేసిన మందం వర్గపు లెక్క ఇక్కడ కళ్ళకు కట్టినట్లు కనిపిస్తుంది. గాయం వేడెక్కడాన్ని గుర్తించి, తనలో దాచుకొన్న మందును వదిలే కట్ల కోసం ఇటువంటి పాలిమర్లపై అనేకచోట్ల పని జరుగుతున్నది. రాయచూరులో మాత్రం ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది గనుక, ఆ కట్టు గాయపు వేడికీ ఊరి వేడికీ తేడా తెలియక తికమకపడుతుంది!

ఇది హాస్యానికి అన్నమాట కాదు. ప్రయోగశాల నుండి ఊరికి వచ్చే దారిలో ఈ పోగులకు ఎదురయ్యే ఇబ్బందులలో వాతావరణమే పెద్దది. చల్లని గదిలో, స్థిరమైన తేమలో కొలిచిన నిరోధం, వానాకాలపు చెమ్మలో మరొక విధంగా ఉంటుంది. పాలీఎనిలిన్ పోగు అమోనియాకు ఎంత స్పందిస్తుందో గాలిలోని తేమకూ అంతో ఇంతో స్పందిస్తుంది. ప్రతిరక్షకాలు ప్రోటీనులు గనుక ఎక్కువ వేడికి చెడిపోతాయి. కరెంటు పోయి ఫ్రిజ్ పనిచేయని ఆరోగ్య కేంద్రంలో అవి ఎన్నాళ్ళు నిలుస్తాయన్నది తేలాలి. లేని రోగాన్ని ఉన్నదని చెప్పినా ఉన్న రోగాన్ని లేదని చెప్పినా నష్టపోయేది రోగియే. ఎంత తక్కువ మోతాదును పట్టగలదన్న పోటీయే శాస్త్ర పత్రికలలో ఎక్కువగా కనిపిస్తుంది. వెయ్యిసార్లు పరీక్షిస్తే వెయ్యిసార్లూ ఒకే జవాబు వస్తుందా అన్న ప్రశ్నకు అంత చోటు దొరకదు. నా దృష్టిలో దేవదుర్గ తండాకు కావలసింది రెండవదే.

తయారీ కూడా నిదానమే. ఒక సూది గుండా గంటకు సుమారు ఒక మిల్లీలీటరు ద్రావణం వెళ్తుంది. అందులో పదవ వంతు పాలిమర్ అనుకొంటే గంటకు వచ్చే పోగు గ్రాములో పదవ వంతు. రాత్రింబవళ్ళు వడికితే రెండున్నర గ్రాములు కూడా రాదు. పసిగట్టే పరికరానికి గ్రాములో అతి చిన్న భాగం చాలు గనుక ఇది పెద్ద అడ్డంకి కాదు. గాయపు కట్లకు, వడపోత గుడ్డలకు మాత్రం చాలదు. చెక్ దేశంలోని లిబెరెత్స్ నగరంలో ఓల్డ్రిచ్ యిర్సాక్ బృందం 2000 తర్వాతి ఏండ్లలో సూది లేకుండానే, ద్రావణంలో తిరిగే రోలరు మీద నుండి ఒకేసారి వందల ధారలు లేచే యంత్రాన్ని కనిపెట్టింది. ఇక ద్రావకాల సంగతి. చాలా పాలిమర్లను కరిగించే డైమిథైల్ ఫార్మమైడ్ వంటివి కాలేయానికి హాని చేస్తాయి. వడికే గదిలో ఆవిరయ్యేది అదే. అందువల్ల నీటిలో కరిగే పాలిమర్ల కోసం వెతుకులాట సాగుతున్నది.

పోగు ఇచ్చే సంకేతం అతి స్వల్పమైనది. దానిని పెంచి, తేమ వల్ల వచ్చిన మార్పును తీసివేసి, జవాబును అంకెలుగా చూపే పని ఎలక్ట్రానిక్ వలయాలదీ, కంప్యూటరుదీ. అంటే ఈ విద్యలో నూలు తెలిసినవారు, రసాయనం తెలిసినవారు, వైద్యులు, కంప్యూటర్ల పని తెలిసినవారు ఒకే బల్ల చుట్టూ కూర్చోవలసి ఉంటుంది. రాయచూరుకు 2019లో భారత సమాచార సాంకేతిక సంస్థ మంజూరైంది. దానికి మార్గదర్శిగా నిలిచినది హైదరాబాదు ఐ.ఐ.టి. సొంత చోటు ఏర్పడక ముందు రాయచూరు సంస్థ తొలి తరగతులు జరిగినది కూడా కందిలోని ఐ.ఐ.టి. ఆవరణలోనే.